ఫ్రిజ్ వైపు ఎండ

మార్లిస్ టెవెస్‌కి డెబ్బై రెండేళ్ళు. చలికాలం గడపడానికి క్వార్ట్‌సైట్ ఎడారికి వచ్చే ఇంటిబండ్ల వాళ్ళలో ఆవిడని ఎరగని వాళ్ళు తక్కువ. బస్సంత బండిలోనే వంటిల్లూ పడకా పెట్టుకుని, అదే ఇల్లుగా తిరిగే జనం వాళ్ళు. కొత్తగా ఎవరైనా రోడ్డు దిగి, ఆ మైదానమంతా తమదే అన్నట్టు కంటికి నచ్చినచోట బండి ఆపబోతే, పాతవాళ్ళు చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు. "ముందు మార్లిస్‌ని అడిగి ఆపు. లేదంటే రేపు మళ్ళీ కదపాలి" అనేవాళ్ళు.

అడిగినవాళ్ళ వెంట ఆవిడ ఓపిగ్గా నడిచేది. మెత్తటి ఇసుక, చదును నేల, పక్కనే నాలుగు చెట్ల నీడ చూసి, ఇదెలా ఉందని వాళ్ళు మురిసిపోతే తల అడ్డంగా ఊపేది. అది ఎండిన వాగు. వాన ఇక్కడ పడక్కర్లేదు, పది మైళ్ళ అవతల కొండ మీద పడితే చాలు, గంటలో ఆ ఇసుక మీదుగా నీళ్ళు వచ్చి పడతాయి. నల్లరాళ్ళు పరుచుకున్న నేల కూడా వద్దనేది. పగలంతా తాగిన వేడిని తెల్లవార్లూ కక్కుతుందని ఆవిడ ఫిర్యాదు. కాస్త మిట్టగా, తెల్లటి గులకనేల మీద గాలి తగిలేచోటు వెతికి, ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటికి మడతకుర్చీ తెచ్చేది. బండిలో ఫ్రిజ్ ఉండే గోడ ఎక్కడికి వస్తుందో సరిగ్గా అక్కడ కుర్చీ వేసి, బండి యజమానిని కూర్చోబెట్టేది.

"పదిహేను నిమిషాలు కదలకు. నువ్వే కూర్చోలేని చోట నీ ఫ్రిజ్ ఎట్లా ఉంటుందనుకున్నావ్?" అనేది.

గ్యాసు మీద నడిచే ఆ ఫ్రిజ్‌లు మహా సుకుమారం. వెనక గోడకి పడమటెండ తగిలిందా, సాయంత్రానికి పాలు విరుగుతాయి, మందులు పాడవుతాయి. బండిని ఎటు తిప్పి పెట్టాలన్నది ఎడారిలో సగం కాపురం. ఆ పాఠం మార్లిస్ దగ్గర నేర్చుకున్న వాళ్ళు ఎన్ని వందలమందో ఆవిడే లెక్క మర్చిపోయింది.

అలాంటి మార్లిస్ సొంత బండి, ఆ ఏప్రిల్ నెలాఖరులో, ముక్కు ఉత్తరానికి పెట్టి, ఫ్రిజ్ గోడ తిన్నగా పడమటెండలో పెట్టుకుని నిలబడి ఉంది.

కారణం ఆవిడకొక్కదానికే తెలుసు. జనవరిలో అందరితోపాటు సరిహద్దు దాటి అల్గోడోనెస్ అనే పక్కదేశపు ఊరికి వెళ్ళింది. ఎడారి జనం పళ్ళు కట్టించుకోడానికీ కళ్ళజోళ్ళకీ చవకని అక్కడికే పోతారు. అక్కడి డాక్టరు చాలాసేపు లైటు వేసి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "జోడు అమ్మితే నాకు లాభమే కానీ, మీకు పనికిరాదమ్మా. రెండు కళ్ళకీ నడిమధ్య పొర అరిగిపోతోంది. పక్కలు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. బండి నడపడం మానెయ్యండి" అన్నాడు. బయట ఎదురుచూస్తున్న వాళ్ళతో, పాత జోడే బాగుందన్నాడని చెప్పింది మార్లిస్. ఆ రోజు తిరుగు ప్రయాణంలో వ్యానులో అందరికన్నా ఎక్కువ జోకులు వేసింది కూడా ఆవిడే.

నెబ్రాస్కాలో ఆవిడ ఇరవై ఏడేళ్ళు స్కూలు బస్సు నడిపింది. మంచులో, బురదలో, దుమ్ములో. ఒక్క పిల్లకి మోకాలు దోక్కుపోయింది లేదు. మొగుడు లెరాయ్ చనిపోయిన ఏడాదే ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో నీలం చారల బండి కొనుక్కుని రోడ్డెక్కింది. అది జరిగి పద్నాలుగేళ్ళు. మామూలు మనుషులకి చూపు తగ్గితే కారు పోతుంది, ఇల్లు మిగులుతుంది. వీళ్ళకి అలా కాదు. బండి నడపలేని రోజున ఇల్లూ వాకిలీ ఇరుగూ పొరుగూ అన్నీ ఒక్కసారే పోతాయి. ఇక మిగిలేది వృద్ధుల వసతిగృహంలో ఒక గది, కిటికీలోంచి చూస్తే కార్లు ఆపుకునే చోటు. మార్లిస్ అలాంటి గదుల్లో స్నేహితులని చూసొచ్చింది. చూసొచ్చిన ప్రతిసారీ రెండ్రోజులు అన్నం సయించలేదు.

ఎడారి జనం ఏప్రిల్ మధ్యకల్లా కొండలెక్కుతారు. వెయ్యి అడుగులు పైకి పోతే నాలుగైదు డిగ్రీలు తగ్గుతుందని వాళ్ళ లెక్క. పదిరోజుల్లో వందల బండ్లు పైన్ అడవులకి వెళ్ళిపోయాయి. మూడు మిగిలాయి. మార్లిస్ బండి ఒకటి. ఆవిడ శిష్యురాలనదగ్గ నడీన్ వ్యాను ఒకటి. నడీన్ యాభై ఎనిమిదేళ్ళ మనిషి, ఉద్యోగం పోయాక మూడేళ్ళ కింద చిన్న వ్యానులో ఎడారికొచ్చి, మొదటిరోజే తిన్నగా వాగులో ఆపి, మార్లిస్ చేత చివాట్లు తింది. మూడోది వెర్లిన్‌ది. సౌత్ డకోటాలో బోర్లు వేసి వేసి, డెబ్బై ఏళ్ళకి చెవులు సగం పోగొట్టుకుని వచ్చినవాడు. ఇంజనుకి ఏదో పార్టు రావాలని వెర్లిన్ చెప్పాడు. చల్లదనం పడదని నడీన్ చెప్పింది. మార్లిస్ ఏమీ చెప్పలేదు.

చెప్పక్కర్లేదు కూడా. ఎవరు ఎప్పుడు కదులుతారు, ఎందుకు కదలరు, బండి ఎటు పెట్టారు అన్నది పక్కవాళ్ళు అడగకూడదు. తలుపు కొట్టకూడదు, పదడుగుల దూరంలో నిలబడి పలకరించాలి. పలక్కపోతే తిరిగి వెళ్ళిపోవాలి. అడిగినప్పుడు మాత్రమే సలహా. ఆ మర్యాద వల్లే అంతమంది ముసలివాళ్ళు అంత ఇరుకు బండ్లలో కొట్టుకోకుండా బతుకుతున్నారు. అదే మర్యాద చాటున మార్లిస్ మూడు నెలలు దాక్కుంది.

పదిరోజుల కింద ఆవిడ రెండు మైళ్ళ అవతల నుంచి ఇక్కడికి బండి మార్చింది. నడిచే వేగంతో, తల పక్కకి వంచి కంటి కొసతో దారి వెతుక్కుంటూ వచ్చి, ఎలా వచ్చిందో అలాగే ఆపేసింది. వెనక్కి తీసి తిప్పే ధైర్యం చాల్లేదు. చొక్కా తడిసి ముద్దయింది. స్టీరింగు వదలడానికి కూడా కాసేపు పట్టింది.

ఎండ ఫారెన్‌హీట్‌లో నూట నాలుగు డిగ్రీలకి చేరింది. పద్నాలుగు రోజులకి మించి ఒకచోట ఆపకూడదన్న రూలు ప్రకారం కూడా ఇక నాలుగు రోజులే ఉండొచ్చు. ఆవిడ మనసులో ఒక పథకం వేసుకుంది. ఆదివారం తెల్లవారుజామునే ఎవరికీ చెప్పకుండా బయల్దేరాలి. అరవయ్యో నంబరు రోడ్డు తిన్నగా ఉంటుంది, యార్నెల్ కొండ మలుపులన్నీ ఒంటికి తెలుసు, పక్కచూపు ఎలాగూ ఉంది. ఒకసారి అడవికి చేరితే అయిదు నెలలు దిగులుండదు. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. ఇలా రోజుకి పదిసార్లు అనుకునేది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి కిటికీలోంచి చూస్తే, తన బండికి పడమటివైపు, మలమల మాడే ఎండలో ఎవరో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు తోచింది. తల పక్కకి తిప్పి చూసింది. ఎర్ర టోపీ. నడీన్.

మార్లిస్ తలుపు తీసింది. "ఏం పిల్లా, బుర్ర గానీ చెడిందా? ఆ ఎండలో ఏం చేస్తున్నావక్కడ?"

"కూర్చున్నా."

"అది తెలుస్తూనే ఉంది. ఎందుకూ అని."

"మీరే చెప్పారుగా, మూడింటికి ఫ్రిజ్ పక్కన కూర్చుని చూడమని. ఏడు నిమిషాలైంది. మెడ మాడిపోతోంది."

"అది నీ ఫ్రిజ్ గురించి చెప్పాను. నా ఫ్రిజ్ సంగతి నీకెందుకు?"

"నిన్న మీరిచ్చిన పాలు కాఫీలో పోస్తే ముక్కలైపోయాయి. అందుకు."

మార్లిస్ మెట్టు దిగి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "గాలి బాగా ఆడుతుందని ఇటు పెట్టానే."

"గాలి నైరుతి నుంచొస్తోంది. మీ బండి దానికి వీపు చూపించి నిలబడింది."

"ఏదో, ఈసారి కొత్తగా చేసి చూద్దామని."

"మీరా? మూడేళ్ళనించి చూస్తున్నా, చెవి విరిగిన కాఫీకప్పు కూడా మార్చరు మీరు."

ఇంకో సమయంలో అయితే మార్లిస్ నవ్వేది. ఇప్పుడు మొహం గట్టిపడింది. నడీన్ కుర్చీలోంచి లేవలేదు, గొంతు మాత్రం తగ్గించింది.

"సోమవారం మీ తలుపుకి కాగితం ప్లేటు కట్టాను. చూశారా?"

ఎడారిలో ఏ కబురైనా కాగితం ప్లేటు మీద రాసి తగిలించడం అలవాటు. "చూశాను" అంది మార్లిస్.

"ఏం రాశాను?"

"ఏముంది, భోజనానికి రమ్మని. ఒంట్లో బాలేక రాలేదు."

"భోజనం కాదు. మీ వెనక చక్రంలో గాలి దిగిపోతోంది చూసుకోండి అని రాశాను. అరచెయ్యంత అక్షరాలు."

మార్లిస్‌కి కోపం వచ్చింది. దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం. "ఒకళ్ళ బండి గురించి ఇంకొకళ్ళు అడక్కూడదని నీకు నేర్పలేదూ నేను?"

"నేర్పారు. అందుకే పది రోజులు నోరు మూసుకున్నా. ఇంక నావల్ల కాదు."

మార్లిస్ బండి మెట్టు మీద కూలబడింది. తర్వాత డాక్టరు చెప్పిన మాట, జనవరి నుంచి నడిపిన నాటకం, ఆదివారం పథకం, అన్నీ చెప్పేసింది. చెప్తున్నంతసేపూ నడీన్ మొహం వైపు చూడలేదు. చూసినా ఆ మొహం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చే ఉంటుందని, అది అన్నిటికన్నా బాధగా ఉందని మాత్రం చివర్లో అంది.

"ఆ టైముకి రోడ్డు మీద ఎవరూ ఉండరే" అంది మళ్ళీ, ఒప్పించబోతున్నట్టు.

"ఎవరూ ఉండరా, ఉన్నా మీకు కనిపించరా?"

మార్లిస్ లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. నడీన్ కుర్చీ మడుచుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఎండ తగ్గాక వెర్లిన్ వచ్చి పదడుగుల దూరంలో నిలబడి దగ్గాడు. ఆ దగ్గు ఎరిగిందే కనక మార్లిస్ లోపలి నుంచే అడిగింది.

"నడీన్ చెప్పిందా?"

"ఏంటీ?"

"నడీన్ చెప్పిందా అంటున్నా, చెవిటి మేళమా."

"ఆఁ, చెప్పింది. రేపు పొద్దున అయిదింటికి బయల్దేరదాం. నీ బండి నేను నడుపుతా. నడీన్ వెనకాల వస్తుంది. నన్ను తిరిగి దింపుతుంది, నా బండి తర్వాత తెచ్చుకుంటా."

"నీ పార్టు రాలేదుగా?"

"పార్టేం లేదు" అన్నాడు వెర్లిన్ నేల చూస్తూ. "నీ బండి అట్లా పెట్టినరోజే ఏదో అయిందనుకున్నా. నిన్నొదిలి పోబుద్ధి కాలేదు. చల్లదనం పడదన్న ఆ పిల్ల మాత్రం, వ్యానులో మంచుగడ్డల మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంటోంది."

మార్లిస్ తలుపు తియ్యలేదు. ఏడుస్తోందేమోనని వెర్లిన్‌కి అనుమానం వచ్చింది కానీ, ఆ చెవులతో ఖాయంగా తెలుసుకోలేకపోయాడు. "కొండెక్కించు చాలు" అంది చివరికి. "పైన అడవిలో రోడ్లు ఖాళీ. పద్నాలుగు రోజులకొకసారి చోటు మారాలి, అంతేగా. ఆ మాత్రం నేను తిప్పుకుంటా." పొద్దున అయిదింటికని ఇంకోసారి చెప్పి వెర్లిన్ వెళ్ళిపోయాడు.

గురువారం తెల్లవారక ముందే కదిలారు. పద్నాలుగేళ్ళలో మార్లిస్ తన బండిలో పక్కసీటులో కూర్చోవడం అదే మొదలు. కూర్చుందన్నమాటే గానీ నోరు ఊరుకోలేదు. గేరు ఆలస్యంగా మారుస్తున్నావంది. కుడివైపు మరీ ఒరుగుతున్నావంది. బోరు లారీ అనుకున్నావా, కాస్త మర్యాదగా తొక్కు అంది. వెర్లిన్ వినబడనట్టు నడిపాడు. కొంత నిజంగానే వినబడలేదు.

సెలోమ్ ఊరు దాటాక తెల్లారింది. గాలి ఇంకా చల్లగానే ఉంది, కిటికీలు తీసుకున్నారు. మార్లిస్ మనసు కుదుటపడింది. రోడ్డుకి రెండు పక్కలా ముళ్ళపొదలు, దూరాన కొండల అంచు, అన్నీ కంటికొసలకి చక్కగా అందుతున్నాయి. ఇంత కనిపిస్తుంటే ఆ డాక్టరు ఎక్కువ చేసి చెప్పాడేమోనని కూడా అనిపించింది. వెండెన్ ఊరు వస్తుండగా వెర్లిన్ వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. రోడ్డు మధ్యలో పూర్తిగా ఆపేశాడు.

"ఎందుకాపావ్?"

వెర్లిన్ ఆవిడ వైపు తిరిగి చూశాడు. "ముందు బస్సాగింది."

"ఏ బస్సు?"

అతను చెయ్యెత్తి ముందుకి చూపించాడు. "పిల్లల బస్సు, మార్లిస్. పసుప్పచ్చ బస్సు. మన ముందే ఉంది. ఎర్ర లైట్లు కొడుతోంది."

ఆవిడ అద్దంలోంచి ఎదురుగా చూసింది. రోడ్డూ, తెల్లారిన ఆకాశమూ, మధ్యలో బూడిదరంగు. మెల్లిగా తల ఎడమవైపు తిప్పింది. అప్పుడు కంటికొసలోకి వచ్చింది బస్సు, ఇల్లంత బస్సు. బండ్లని ఆగమని పక్కకి చాచిన ఎర్రపలక, వీపున సంచులతో రోడ్డు దాటుతున్న ఇద్దరు చిన్నపిల్లలు. చిన్నదాని సంచి దానికన్నా పెద్దగా ఉంది. తల మళ్ళీ తిన్నగా పెట్టింది. బస్సూ పిల్లలూ అందరూ పోయారు.

ఇరవై ఏడేళ్ళు, పిల్లలు దాటేదాకా బండ్లన్నీ ఆగాలని ఆ ఎర్ర లైట్లు వేసుకుని, ఆగకుండా దూసుకుపోయే కార్లవాళ్ళని కిటికీలోంచి తల బయటపెట్టి తిట్టిన మనిషి ఆవిడ. ఒకడి నంబరు రాసుకుని పోలీసుల దాకా వెళ్ళింది. వాడు కోర్టులో, బస్సు కనబడలేదండీ అన్నాడు. వాడంత నీచుడు భూమ్మీద ఉండడని ఇంటికొచ్చి లెరాయ్‌తో చెప్పింది.

బస్సు కదిలింది. వెర్లిన్ వెంటనే బండి తియ్యలేదు. వెనకాల నడీన్ కూడా హారన్ కొట్టలేదు. మార్లిస్ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ముఖం తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేకుండా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. వెర్లిన్‌కి ఏం చెయ్యాలో తోచక, కిటికీ అద్దం పైకెత్తి, మళ్ళీ దించాడు.

"ఆదివారం అయితే బస్సులుండవని పెట్టుకున్నాను" అంది చివరికి. "పిల్లలు ఆదివారం కూడా ఉంటారు కదా, వెర్లిన్."

యార్నెల్ కొండ ఎక్కుతున్నంతసేపూ ఆవిడ గేరు మాటెత్తలేదు. పైకి చేరి, ఇంజను వేడి తగ్గడానికి ఆగినప్పుడు, నడీన్ వ్యాను దిగి వచ్చింది. మార్లిస్ ఆమె భుజం పట్టుకుని, అడవికి వద్దంది. ప్రెస్కాట్ దాటాక ఒక చిన్న ఊళ్ళో, బండ్లు ఏడాది పొడుగునా నిలిపి ఉంచుకునే చోటొకటి ఉంది, అక్కడికి పోనిమ్మంది. "రెండు వారాలకి వదిలిపోయే చోటు వెతకడమే నాకు వచ్చు. వదలని చోటు ఎప్పుడూ వెతకలేదు. చూద్దాం" అంది.

అక్కడ చోటు చూపించే ఆవిడ ఖాళీగా ఉన్న మూడు చోట్లు చూపించింది. ఒకటి పెద్ద చెట్టు కింద. ఇంకొకటి మూలన, లోయ కనిపించేలా. నడీన్‌కి అదే నచ్చింది. మార్లిస్ లోయ వైపు తిరగనే లేదు. కిరాణా కొట్టు ఎంత దూరం, దారికి కాలిబాట ఉందా, మధ్యలో ఎన్ని రోడ్లు దాటాలి అని అడిగింది. వెర్లిన్ చెయ్యి పట్టుకుని కొట్టు దాకా నడిచి, మళ్ళీ ఒంటరిగా వెనక్కి నడిచి వచ్చింది. ఒకచోట తూలింది కానీ పడలేదు. మూడో చోటు బట్టలుతికే గది పక్కన ఉంది. మోత అని ఎవరూ తీసుకోరట.

"ఇదే ఇవ్వండి" అంది మార్లిస్.

"రోజంతా ఆ మిషన్ల గోల భరించాలి మీరు" అంది నడీన్.

"బట్టలు తిరుగుతున్నంతసేపూ మనుషులు ఖాళీగా కూర్చుని కబుర్లాడతారే. నాకిప్పుడు నీడకన్నా అది ముఖ్యం."

వెర్లిన్ బండిని ఆ చోట్లోకి తెచ్చి, ముక్కు రోడ్డు వైపు పెట్టి ఆపాడు. బండ్లవాళ్ళంతా అలాగే ఆపుతారు. బయల్దేరేరోజు వెనక్కి తీసే పని లేకుండా తిన్నగా వెళ్ళిపోవచ్చు. మార్లిస్ దిగి, మొహం ఎండకి అటూ ఇటూ తిప్పి, చెంపకి తగిలే వేడిని బట్టి దిక్కు కట్టింది.

"పడమర రోడ్డు వైపేనా?"

"అవును."

"అయితే తిప్పు. ముక్కు ఆ గోడకి పెట్టు. ఫ్రిజ్ ఉత్తరానికి వస్తుంది."

వెర్లిన్ కిటికీలోంచి వంగాడు. "గోడకి పెడితే మళ్ళీ బయటికి ఎట్లా తీస్తావ్?"

"తియ్యను."

వెర్లిన్ తల లోపలికి తీసుకున్నాడు. నడీన్ వెనక నిలబడి చేతులూపుతుంటే, మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించి, బండిని గోడకి ఎదురుగా నిలిపాడు. ఇంజను ఆపి, దిగి వచ్చి, తాళంచెవి మార్లిస్ ముందు పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి చాపలేదు.

"నడీన్‌కియ్యి" అంది. "నా దగ్గరుంటే ఏదో ఒక పొద్దున బుద్ధి పుడుతుంది."